కొలను పక్కన విందు

అండమాన్ దీవుల రాజధానికి ఎదురుగా, మరపడవలో పది పదిహేను నిమిషాల దూరంలో ఒక చిన్న దీవి ఉన్నది. నేడు దాని పేరు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం. 2018 డిసెంబరు వరకు అది రాస్ దీవి. 1858 నుంచి ఎనభై ఏళ్ళకు పైగా అండమాన్ పాలన అంతా అక్కడి నుంచే నడిచింది. చీఫ్ కమిషనర్ బంగళా, చర్చి, క్లబ్బు, రొట్టెల బట్టీ, టెన్నిస్ మైదానం అన్నీ ఆ కొద్దిపాటి నేలలోనే అమరాయి. వాటితోపాటు దొరల కోసం ఒక ఈతకొలను కూడా వెలిసింది. చుట్టూ కనుచూపు మేర సముద్రమే అయినా, ఈదులాడటానికి వేరొక కొలను కావాలనిపించింది వారికి. ఆ వైభవాన్ని నిలబెట్టినవి ఖైదీల చేతులు.

1941 జూన్ 26న వచ్చిన పెద్ద భూకంపం ఆ దీవిని కుదిపివేసింది. మరుసటి ఏడాది మార్చిలో జపాను సేనలు దిగాయి. దొరల సంబరాలు అంతటితో ముగిశాయి. ఈనాడు అక్కడ గోడలను చెట్ల వేళ్ళు చుట్టుకొని నిలబెడుతున్నాయి. చుక్కల జింకలు, నెమళ్ళు శిథిలాల మధ్య తిరుగుతుంటాయి. ఒకప్పటి కొలనును యాత్రికులు ఒక క్షణం ఆగి చూసి, ముందుకు సాగిపోతారు.

ఆనాడు కొద్దిమందికే దక్కిన ఆ వేడుక ఈనాడు సామాన్య గృహస్థు పెరటి దాకా వచ్చింది. హైదరాబాదు శివార్లలోని తోట ఇళ్ళలో కొలను పక్కన విందులు జరుగుతున్నాయి. అమెరికాలో టెక్సాస్ వంటి ఎండ రాష్ట్రాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు వేసవి శనివారాలు పెరటి కొలను వద్దనే గడుస్తాయి. ఇటుకతో కొలను కట్టుకొనే స్తోమత లేనివారికి గాలి ఊది నింపే ప్లాస్టిక్ తొట్లు బజారులో దొరుకుతున్నాయి.

రాస్ దీవికి ఇవతలి తీరాన, 2024 సెప్టెంబరు నుంచి శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లేయర్‌లో, డిగ్నాబాద్ ఒక పేట. ఈ దీవులలో తెలుగు కొత్త భాష కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ సుమారు 13 శాతం మందికి మాతృభాష తెలుగే. డిగ్నాబాద్‌లోని ఒక తెలుగు గృహస్థు తన కుమార్తె పుట్టినరోజును పెరట్లో, నీటి ఆటలతో జరపదలచాడని అనుకుందాం. సముద్రం దగ్గరలోనే ఉండగా పెరట్లో తొట్టి ఎందుకని ఎవరైనా అడగవచ్చు. అండమాన్ జలాలలో ఉప్పునీటి మొసళ్ళు ఉన్నాయి. 2010లో హేవ్‌లాక్ దీవి (నేటి స్వరాజ్ ద్వీపం) వద్ద సముద్రంలో ఈదుతున్న ఒక విదేశీ పర్యాటకురాలిని మొసలి పొట్టన పెట్టుకున్నది. అలలు, లోతులు, ప్రవాహాలు సరేసరి. చిన్నపిల్లలకు పెరటి నీరే మేలని తండ్రి తలచడంలో తప్పు లేదు.

అయితే విందు అనగానే మనసు వంటకాల మీదికి, దీపాల అలంకరణ మీదికి, కేకు మీదికి పోతుంది. ఆహ్వానితుల జాబితాలో ఒక పేరు మాత్రం ఎవరూ రాసుకోరు. అది నీరు. ఆ రోజు ఇంటికి వచ్చే అతిథులలో నీరు కూడా ఒకటి. దానిని ఎక్కడి నుంచి పిలిచారో తెలిసి ఉండాలి. వచ్చినది మొదలు వెళ్ళేదాకా దానిపై ఒక కన్ను ఉండాలి.

నీరు ఎక్కడిది?

అండమాన్‌లో వానకు కొదవ లేదు. నైరుతి ఋతుపవనాలు కేరళ కంటే ముందుగా, మే మూడవ వారం ప్రాంతంలోనే ఈ దీవులను తాకుతాయి. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అయినా జనవరి నుంచి ఏప్రిల్ దాకా పొడి కాలం. నగరానికి ప్రధానమైన నీటి ఆధారం ధనిఖరి జలాశయం. దానిలో మట్టం తగ్గినప్పుడు కుళాయి నీటికి కోత పడుతుంది. బిందెలు, డ్రమ్ములు వరుసలో నిలుస్తాయి.

ఈ పరిస్థితిలో కొలను లెక్క వేసి చూడాలి. ఎనిమిది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, సగటున 1.2 మీటర్ల లోతు గల కొలనుకు 38,400 లీటర్లు కావాలి. నగరాలలో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు అందించాలన్నది మన దేశంలో అనుసరించే ప్రమాణం. ఆ లెక్కన ఈ కొలనులోని నీరు ఒక మనిషికి తొమ్మిది నెలలకు పైగా సరిపోతుంది. రెండు మీటర్ల వ్యాసం గల పిల్లల తొట్టిలో 30 సెంటీమీటర్ల మేర నీరు నింపితే అది సుమారు 940 లీటర్లు. అంటే ఒక మనిషి వారం రోజుల వాడకం.

ఏప్రిల్‌లో పొరుగింటివారు నీటి ట్యాంకరు కోసం ఎదురు చూస్తుండగా గోడకు ఇవతల పిల్లలు నీళ్ళు చిమ్ముకొంటూ కేరింతలు కొట్టడం ఎంతటి విందుకైనా వన్నె తేదు. దీనికి పరిష్కారం ఇంటి పైకప్పు మీదనే ఉన్నది. వంద చదరపు మీటర్ల కప్పుపై పది మిల్లీమీటర్ల వాన పడితే వెయ్యి లీటర్ల నీరు దిగుతుంది. ఒక్క గట్టి జల్లుతో పిల్లల తొట్టి నిండిపోతుందన్న మాట. మొదటి జల్లును దుమ్ము కొట్టుకుపోవడానికి వదిలివేసి, తరువాతి నీటిని వడకట్టి, మూత ఉన్న ట్యాంకులో నిలువ చేసుకొంటే ఎవరి వాటాకూ చెయ్యి పెట్టనక్కరలేదు. కనుక డిగ్నాబాద్‌లో ఇటువంటి విందుకు తగిన కాలం వేసవి కాదు. వానలు వెనుకపట్టి, ట్యాంకులు నిండి ఉండే డిసెంబరు, జనవరి నెలలు.

ముహూర్తం, ఆహ్వానం

నెల కుదిరిన తరువాత గంట చూసుకోవాలి. అండమాన్ దీవులు దేశానికి బాగా తూర్పున ఉన్నా గడియారం మాత్రం దేశమంతటికీ ఒక్కటే. డిసెంబరులో హైదరాబాదులో సూర్యుడు ఆరింటికి కాస్త ముందుగా అస్తమిస్తే, ఇక్కడ అయిదు గంటల ప్రాంతంలోనే పొద్దు కుంకుతుంది. మసక వెలుతురులో నీటి అడుగు కనబడదు. అడుగు కనబడని నీటిలో పిల్లలను దింపరాదు. కాబట్టి నీటి ఆట రెండు, మూడు గంటల మధ్య మొదలై నాలుగున్నరకు ముగియాలి. ఆ తరువాత కేకు, పాటలు, భోజనం. ఉరుము వినిపించిన మరుక్షణం అందరూ నీటి నుంచి బయటికి రావాలి. చివరి ఉరుము తరువాత అరగంట గడిచేదాకా మళ్ళీ దిగరాదు.

ఆహ్వానంలోనే నాలుగు మాటలు చేర్చడం మంచిది. తువ్వాలు, మార్చుకొనే బట్టలు తెచ్చుకోవాలని. పట్టు పావడాలు, బరువైన దుస్తులు నీటిలోకి పనికిరావని. ఏ బిడ్డకు ఈత వచ్చో, ఏ బిడ్డకు రాదో ముందుగా చెప్పాలని. మూర్ఛ వంటి జబ్బు ఉంటే దాచవద్దని. ఇదంతా శుభకార్యానికి అపశకునమని పెద్దలు కసురుకోవచ్చు. పెళ్ళికి పందిరి వేసేటప్పుడు గుంజలు గట్టిగా ఉన్నాయా లేదా అని చూసుకోవడం అపశకునం కానప్పుడు ఇదీ కాదు.

మునిగేవాడు కేక వేయడు

సినిమాలలో నీట మునిగే మనిషి చేతులు పైకెత్తి కేకలు వేస్తాడు. నిజంగా మునిగేవాడు అలా చేయలేడు. న్యూయార్క్‌లోని ఆర్చర్డ్ బీచ్‌లో ఏళ్ళ తరబడి ఈత రక్షకుడుగా పనిచేసిన ఫ్రాంక్ పియా ఈ సంగతిని నిశితంగా గమనించి, చిత్రీకరించి, లోకానికి తెలియజెప్పాడు. మునిగే మనిషి నోరు నీటి మట్టానికి పైకీ కిందికీ పోతూ ఉంటుంది. పైకి వచ్చిన ఆ లిప్తకాలం ఊపిరి తీసుకోవడానికే చాలదు. కేక వేయడానికి వ్యవధి ఎక్కడిది? చేతులు తమంత తామే రెండు పక్కలకూ చాచుకొని నీటిని అదుముతాయి, పిలవడానికి ఊపలేడు. శరీరం నిటారుగా ఉంటుంది, కాళ్ళు ఆడవు. ఈ స్థితి 20 నుంచి 60 సెకన్ల వరకే. ఆ తరువాత మునక.

పక్క నుంచి చూసేవారికి ఆ బిడ్డ నిలబడి ఆడుకొంటున్నట్లే కనిపిస్తుంది. అల్లరి చేస్తున్న పిల్లలు సాధారణంగా క్షేమంగానే ఉంటారు. సద్దు చేయని బిడ్డనే చూడాలి. పసివారికైతే లోతు కూడా అక్కరలేదు. ముఖం మునిగేటంత నీరు ఉన్న బకెట్టు కూడా ప్రాణం తీయగలదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచమంతటా సుమారు మూడు లక్షల మంది నీట మునిగి మరణించారు. వారిలో దాదాపు నాలుగోవంతు అయిదేళ్ళ లోపు పిల్లలు. మన దేశంలో ఇటీవలి సంవత్సరాలలో ఏటా 35 వేలకు పైగా ఇటువంటి మరణాలు నమోదయ్యాయి. వీటిలో అధికభాగం చెరువులు, నదులు, కాలువలు, బావుల వద్ద సంభవించేవే. కాని పెరటి తొట్టిలోని నీటికీ చెరువులోని నీటికీ స్వభావం ఒక్కటే. ఈ ఆపద వైపు దేశాల దృష్టిని మళ్ళించడానికే ఐక్యరాజ్యసమితి 2021లో జూలై 25వ తేదీని నీటిమునక నివారణ దినంగా ప్రకటించింది.

పదిమందిలో పాము చావదు

పెరట్లో ముప్పై మంది పెద్దలు ఉండగా బిడ్డ మునగడం సాధ్యమా? సాధ్యమే. ముప్పై మంది ఉన్నందువల్లనే ఆ ప్రమాదం మరింత దగ్గరవుతుంది. అక్క చూస్తున్నదిలే అని బావ, బావ చూస్తున్నాడులే అని అక్క, మేనమామ అక్కడే ఉన్నాడు గదా అని అమ్మమ్మ. అందరూ చూస్తున్నారని అందరూ నమ్మినప్పుడు నీటి వైపు ఒక్క కన్నూ ఉండదు. పదిమందిలో పాము చావదన్న సామెత ఊరికే పుట్టలేదు.

దీనికి ఖర్చు లేని మార్గం ఒకటి ఉన్నది. నీటికి కాపలా మనిషిని పేరు పెట్టి నియమించడం. ఈత వచ్చిన పెద్దవారిలో నలుగురిని ముందురోజే అడిగి ఒప్పించాలి. ఒక్కొక్కరికి పదిహేను, ఇరవై నిమిషాల వంతు. వంతులో ఉన్నవారి మెడలో ఎర్ర తువ్వాలో, ఈలో ఉండాలి. అది మెడలో ఉన్నంతసేపూ ఫోను ముట్టరాదు, పేకముక్క పట్టరాదు, పళ్ళెం అందుకోరాదు, మద్యం మాట అసలే వద్దు. వంతు ముగిసినప్పుడు తువ్వాలును కుర్చీపై వేసి వెళ్ళిపోరాదు. తరువాతి మనిషి మెడలో వేసి, నీటిలో ఎంతమంది ఉన్నారో లెక్క చెప్పి, “ఇక మీరు చూడండి” అని నోటితో అప్పగించాలి. అవతలివారు “చూస్తున్నాను” అనాలి. ఆ రెండు మాటల మధ్యనే పిల్లల క్షేమం ఉన్నది.

ఈత రాని పసివాడు నీటిలో ఉన్నప్పుడు ఒక పెద్దమనిషి చేతికి అందేంత దూరంలో తానూ నీటిలోనే ఉండాలి. మోచేతులకు తొడిగే గాలి తిత్తులు, రబ్బరు చక్రాలు ఆటవస్తువులే. అవి ఉన్నాయన్న ధీమాతో పెద్దలు పక్కకు తిరగడమే వాటితో వచ్చే ముప్పు.

కొలను అడుగున, కొలను చుట్టూ

ఇటుక కొలను గలవారు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. 2002 జూన్‌లో అమెరికాలో ఒక పట్టభద్రురాలి గౌరవార్థం జరిగిన విందుకు ఏడేళ్ళ బాలిక తల్లితో కలిసి వెళ్ళింది. ఆమెకు ఈత బాగా వచ్చు. అక్కడి వేడినీటి తొట్టి అడుగున, మోటారు నీటిని లాగే రంధ్రం పీల్పుకు ఆమె శరీరం అతుక్కుపోయింది. తల్లి శక్తికొద్దీ లాగినా విడిపడలేదు. చివరికి ఇద్దరు మగవారు కలిసి లాగగా రంధ్రపు మూత విరిగి బాలిక బయటికి వచ్చింది. కాని అప్పటికే ఆలస్యమైంది. ఆ తల్లి పట్టుదల ఫలితంగా 2007లో అమెరికా ప్రభుత్వం ఆ బాలిక పేరిట వర్జీనియా గ్రేమ్ బేకర్ చట్టాన్ని చేసింది. శరీరం అతుక్కుపోకుండా ఉబ్బెత్తుగా ఉండే మూతలు అక్కడి సార్వజనిక కొలనులలో తప్పనిసరి అయ్యాయి.

విందుకు ముందురోజు గృహస్థు చేయవలసిన మొదటి పని ఆ మూత చెక్కుచెదరకుండా ఉన్నదో లేదో చూడటం. మోటారును ఆపే మీట ఎక్కడ ఉన్నదో కాపలావారందరికీ చూపాలి. కొలనుకు నాలుగు వైపులా కనీసం నాలుగడుగుల ఎత్తు కంచె, దానంతట అదే మూసుకొనే తలుపు ఉండాలి. కంచెను ఆనుకొని కుర్చీలు వేస్తే పిల్లలకు అవే నిచ్చెనలు. లోతు ఎంతో పెద్ద అంకెలతో రాసి ఉంచాలి. లోతు తక్కువ ఉన్నచోట తలకిందులుగా దూకితే మెడ ఎముక విరిగే ప్రమాదం ఉన్నది.

నీరు తేటగా ఉన్నంత మాత్రాన శుభ్రమైనదని అనుకోరాదు. కొలను నీటిలో పది లక్షల పాళ్ళకు ఒకటి నుంచి మూడు పాళ్ళ క్లోరిన్ ఉండాలి. ఆమ్ల, క్షార లక్షణాలను తెలిపే పీహెచ్ 7.2, 7.8 మధ్య ఉండాలి. పీహెచ్ పెరిగితే క్లోరిన్ పని మందగిస్తుంది; తగ్గితే కళ్ళు మండుతాయి. రంగు మారే చిన్న కాగితపు ముక్కలతో ఈ రెంటినీ ఇంట్లోనే పరీక్షించవచ్చు. క్లోరిన్ మందును, ఆమ్లాన్ని ఎన్నడూ ఒకచోట కలపరాదు, విషవాయువు పుడుతుంది. వడపోత లేని ప్లాస్టిక్ తొట్టిలో ఒకనాటి నీటిని రెండవనాడు వాడరాదు. విరేచనాలతో బాధపడుతున్న బిడ్డను నీటిలో దింపకపోవడం తక్కిన పిల్లల పట్ల చేయదగిన మర్యాద.

దీపాల తోరణాల తీగలు, పాటల పెట్టె తీగలు తడి నేలపై పాకరాదు. ఇంటి విద్యుత్తుకు స్వల్పమైన లీకేజీకే సరఫరాను తెంచివేసే రక్షణ స్విచ్చి అమర్చి ఉన్నదో లేదో ముందే తేల్చుకోవాలి.

వడ్డన

ఈ ఏర్పాట్లు ముగిస్తే వంట సంగతి తేలిక. తడి చేతులతో తినేవి, నూనె కారనివి, ఎండకు పాడుకానివి మేలు. పులిహోర ఎంత బుట్ట నిండా చేసినా మిగలదు. దీవులలో చేపకు, కొబ్బరికి లోటు లేదు. వేయించిన చేప ముక్కలు, కొబ్బరి పచ్చడి, అరటిపళ్ళు, మజ్జిగ, లేత కొబ్బరినీళ్ళు చాలు. వడ్డన బల్లను కొలనుకు దూరంగా, కంచెకు అవతల వేయాలి. గాజు గ్లాసులకు ఆ రోజు సెలవు. నీటి అడుగున గాజుపెంకు కంటికి కనబడదు. పెరట్లో కొబ్బరిచెట్లు ఉంటే కాయలు ముందే దింపించి, వాటి కింద కుర్చీలు వేయకుండా ఉండాలి.

భోజనానికి పిలిచే వేళ అత్యంత జాగ్రత్త వహించవలసిన వేళ. పెద్దలందరి చూపూ విస్తళ్ళ మీదికి మళ్ళేది అప్పుడే. కనుక పిల్లలందరినీ నీటి నుంచి బయటికి రప్పించి, తలలు లెక్కపెట్టి, తలుపు గడియ వేసిన తరువాతనే వడ్డన మొదలు కావాలి.

ఆపద వచ్చినప్పుడు

బిడ్డ కనబడకపోతే ముందుగా వెదకవలసిన చోటు కొలను. ఇల్లంతా వెదకి చివర నీటి దగ్గరికి రావడంలో పోయే నిమిషాలు తిరిగి రావు. ఈత రానివారు కాపాడటానికి దూకరాదు. పొడవైన గడ అందించాలి; తాడు కట్టిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా విసిరినా పనికివస్తుంది. ఆ రెండింటినీ కొలను పక్కన సిద్ధంగా ఉంచాలి.

బయటికి తీసిన బిడ్డ ఊపిరి పీల్చకపోతే పొట్ట నొక్కడం, తలకిందులుగా తిప్పడం మన పల్లెల్లో పాత అలవాటు. దానివల్ల మేలు లేదు. కాలం వృథా, పైగా పొట్టలోనిది ఊపిరితిత్తుల్లోకి దిగవచ్చు. వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, నోటితో నోటిలోకి అయిదుసార్లు ఊపిరి ఊదాలి. చలనం లేకపోతే రొమ్ము నడుమ గట్టిగా, వేగంగా ముప్పైసార్లు నొక్కడం, రెండుసార్లు ఊదడం. సహాయం వచ్చేదాకా ఇదే వరుస. ఈలోగా మరొకరు 112కు ఫోను చేయాలి. బిడ్డ తేరుకొని మాట్లాడుతున్నా ఆసుపత్రికి తీసుకుపోవలసినదే. ఈ విద్యను పుస్తకం చదివి నేర్వడం కంటే శిక్షణ పొందినవారి వద్ద బొమ్మపై ఒకసారి అభ్యాసం చేయడం మేలు. ఇంట్లో కొలను ఉన్నవారికి అది వంట వచ్చినంత అవసరం.

విందు ముగిసిన తరువాత

అతిథులు తాంబూలాలు పుచ్చుకొని వెళ్ళిపోయారు. పెరట్లో కాగితపు తోరణాలు, నానిన చెప్పుల జాడలు మిగిలాయి. గృహస్థుకు ఇంకొక అతిథిని సాగనంపవలసి ఉన్నది. తొట్టిలోని నీటిని ఆ రాత్రి అలాగే వదిలేస్తే మరునాటి తెల్లవారుజామున ఎవరికంటే ముందుగా నిద్ర లేచేది పుట్టినరోజు పిల్లే. లేవగానే పరుగెత్తేది తొట్టి దగ్గరికే. అప్పుడు పెరట్లో ఎర్ర తువ్వాలు వేసుకొన్న మనిషి ఉండడు. అలా వదిలిన నీటిలో వారం పది రోజులకు డెంగీ దోమల సంతతి రెక్కలు విప్పుతుంది.

కనుక అలసట ఎంత ఉన్నా ఆ సాయంకాలమే తొట్టి ఖాళీ కావాలి. అది వాననీరైతే బకెట్లతో అరటి మొక్కలకు, కొబ్బరి పాదులకు పోయవచ్చు. క్లోరిన్ వేసిన కొలను నీటిని మొక్కలకు వాడదలిస్తే, కంచె తలుపు తాళం వేసి ఉంచి, రెండు మూడు రోజులు ఎండ తగిలి ఆ ఘాటు పోయిన తరువాతనే వాడాలి. చివరి బకెట్టు పాదులో ఇంకిపోయిన తరువాత తండ్రి, కూతురు చెరొక అంచు పట్టుకొని ఖాళీ తొట్టిని గోడకు బోర్లా ఆనిస్తారు. రేవుకు ఆవల రాస్ దీవిలో ఒకనాటి కొలను చీకటిలో కలిసిపోతుంది. ఇవతల డిగ్నాబాద్‌లో తడిసిన ఎర్ర తువ్వాలు ఆరవేసిన తీగ మీద వచ్చే ఏటి పుట్టినరోజు కోసం ఆరుతూ ఉంటుంది.